రేవు మామ్మ వేలిముద్ర

నా చిన్నప్పుడు నాకు కుదురనేది ఉండేది కాదు. అన్నం ముందు కూర్చుంటే సగం తినేసరికి లేచి గుమ్మంలోకి వెళ్ళిపోయేదాన్ని. జడ వేసేటప్పుడు మా అమ్మ నన్ను రెండు మోకాళ్ళ మధ్య బిగించి పట్టుకునేది. దీని అరికాళ్ళలో చీమలున్నాయి అని ఇంటికొచ్చిన వాళ్ళందరికీ చెప్పేది. ఇప్పుడు డెబ్భైకి దగ్గర పడ్డాను, మోకాళ్ళు అరిగిపోయాయి, ఆ చీమలు మాత్రం పోలేదు. నెల రోజులుగా మరీ ఎక్కువయ్యాయి. బెంజ్ సర్కిల్ దగ్గర మా అపార్ట్‌మెంట్‌లో హాల్లోంచి బాల్కనీలోకి, బాల్కనీలోంచి వంటింట్లోకి కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాను. బీపీ మాత్ర వేసుకున్నారా అత్తయ్యా అని మా కోడలు రోజూ అడుగుతోంది. వేసుకుంటూనే ఉన్నాను. ఇది మాత్రతో పోయేది కాదు.

మా టీచరు గారు కిందటి నెల పోయారు. ఆవిడకి తొంభై దాటాయి. మంచం పట్టకుండా, పొద్దున్నే పేపరు చదువుతూ కుర్చీలోనే ఒరిగిపోయారట. అలాంటి చావు అందరికీ రాదని విన్నవాళ్ళంతా అన్నారు, నిజమే. కబురు వినగానే నాకు ఏడుపొచ్చింది. ఏడుపు వెనకాలే ఒక పాత సంగతి వచ్చి గుండెల మీద కూర్చుంది. అరవై ఏళ్ళ కిందటి ఒక పొద్దుటి సంగతి. అది టీచరు గారికీ, మా ఊరి రేవు మామ్మకీ, నాకూ తప్ప అప్పటిదాకా ఎవరికీ తెలియదు. మామ్మ ఎప్పుడో పోయింది. ఇప్పుడు టీచరు గారూ పోయారు.

మాది కొల్లేటి అంచున ముప్పై ఒక్క గడపల పల్లె. అందరివీ చేపల వేట మీద, కాస్త వరి సాగు మీద బతికే కుటుంబాలే. పల్లెకీ రోడ్డుకీ మధ్య పెద్ద మురుగు కాలువ ఒకటి పారేది. ఎండాకాలంలో మోకాలి లోతు నీళ్ళతో బురదగా ఉండేది గానీ, వానలు పడ్డాయంటే అదే పెద్ద ఏరైపోయేది. మా వైపు అయిదో తరగతి దాకా బడి ఉంది, దానికి ఉన్నది ఒక్కరే టీచరు, అది మా టీచరు గారు. ఆరో తరగతి చదవాలంటే కాలువ దాటి అవతలి ఊరి హైస్కూలుకి పోవాలి. దాటించేది రేవు మామ్మ. రెండు తాటి దోనెలు పక్కపక్కన కట్టి, గెడకర్ర పట్టుకుని, పొద్దున్నించీ సాయంత్రం దాకా అటూ ఇటూ తిప్పుతూ ఉండేది. దానికి బదులుగా ఊరు పంటకి ఇన్ని గింజలు, వేట నుంచి వచ్చినప్పుడు నాలుగు చేపలు ఆవిడ చేటలో వేసేది. మనిషి మంచిదే గానీ నోరు చాలా పెద్దది. దోనెలో కుదురుగా కూర్చోని పిల్లల్ని గెడతో పొడిచేది. ఆ పోట్లు అందరికంటే నాకే ఎక్కువ పడేవి.

నాకు పదేళ్ళు వచ్చే ముందు వానల్లో ఆ దోనె ఒకసారి ఒరిగింది. అందులో ఉన్న ఆడపిల్ల ఒకర్తి నీళ్ళు తాగి, చచ్చి బతికింది. ఆ పిల్ల మా పక్కింటి అక్క. నాకంటే రెండేళ్ళు పెద్దది. బడిలో టీచరు గారు ఏ ప్రశ్న అడిగినా ముందు లేచే చెయ్యి దానిదే. అక్క వాళ్ళ నాన్న ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాడు, కాలువ మీద వంతెన పడితేనే పిల్లని హైస్కూలుకి పంపిస్తానని, లేకపోతే అయిదుతో సరి అని. అక్క అప్పుడు అయిదో తరగతిలో ఉంది. అంటే వంతెన వచ్చే వానల్లోపు పడాలి.

టీచరు గారు అప్పటికే తాలూకా కచేరీ చుట్టూ తిరుగుతున్నారు. నల్ల గొడుగు, భుజాన గుడ్డ సంచి, చకచకా నడక. ఏడాదికోసారి పై ఆఫీసరు గారు కచేరీకి వచ్చి ఊళ్ళ శిస్తు లెక్కలు చూసే జమాబందీ జరిపేవారు, ఊళ్ళవాళ్ళ అర్జీలు కూడా ఆ రోజే తీసుకునేవారు. తాటి దూలాలతో కాలిబాట వంతెన వేయిస్తాను గానీ, ఊళ్ళో అన్ని గడపల వేలిముద్రలూ ఉండాలి, ఒక్క ఇల్లు తగ్గినా కాగితం ముట్టుకోను, తర్వాత తగాదాలు నాకొద్దు అని ఆయన ముందే చెప్పారట. టీచరు గారు అర్జీ రాశారు. ఇక జమాబందీ మూడు రోజులుందనగా ఆ కాగితాలూ, ఊదారంగు ఇంకు డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టారు.

అంత పెద్ద పని నాలాంటి కోతికి ఎందుకిచ్చారో మా అమ్మకి అర్థం కాలేదు. టీచరు గారే చెప్పారు. "నేను వెళ్ళి అడిగితే మొహమాటానికి సరేనంటారమ్మా. పిల్ల అడిగితే ఇష్టం లేనివాళ్ళు లేదని చెప్పగలరు." నాకు మాత్రం చెప్పింది ఇంకోటి. ప్రతి ఇంట్లోనూ కూర్చుని అర్జీ మొత్తం పైకి చదవాలి, మీరేమంటారు అని అడగాలి, జవాబు చెప్పేదాకా ఆగాలి, ఆ తర్వాతే వేలిముద్ర. చదవడం నాకు వెన్నతో పెట్టిన విద్య. ఆగడమే చేతకాదు.

మొదటి రోజు నా గొప్ప అంతా ఇంతా కాదు. పెద్దవాళ్ళంతా నా ముందు కూర్చుని వినేవారు. వేళ్ళకి చేపల జిగట ఉంటే కడుక్కుని వచ్చి మరీ ముద్ర వేసేవారు. రెండో రోజుకి విసుగొచ్చేసింది. అదే అర్జీ, అవే మాటలు. చదవడం తగ్గించి, వంతెన కోసం, వేలెయ్యండి అనడం మొదలుపెట్టాను. అయినా సాయంత్రానికి ఏడు గడపలు మిగిలిపోయాయి. ఆరిళ్ళవాళ్ళు వేటకెళ్ళి కొల్లేట్లోనే ఉన్నారు, ఇంకో రోజుకి గానీ రారు. ఏడోది రేవు మామ్మ గడప. మామ్మ ఎక్కడికీ పోలేదు, పొద్దస్తమానం రేవులోనే ఉంది. కానీ దగ్గరికెళ్ళాలంటే నాకు భయం. అంతకుముందు రోజే దోనెలో గెంతినందుకు వీపు మీద గెడ దెబ్బ తిని ఉన్నాను. ఎలాగూ ఊరంతా ఒప్పుకున్నారు కదా, ఈవిడ కాదంటుందా అనుకున్నాను.

చేపలు ఆరబెట్టే దిబ్బ వెనక్కి వెళ్ళి కూర్చున్నాను. ఆరిళ్ళకి ఆరు వేళ్ళు వాడాను, కుడి చేతివి మూడు, ఎడమ చేతివి మూడు. ఒకటి కాస్త వాల్చి, ఒకటి నొక్కి, ఒకటి దొర్లించి, ఎవరి వేలు ఎలా ఉంటుందో ఊహించుకుంటూ వేశాను. మామ్మ దగ్గరికొచ్చేసరికి ఆగాను. గెడ పట్టిన వేలు కదా, వెడల్పుగా ఉంటుందని గుర్తొచ్చింది. నా కాలి బొటనవేలు దుమ్ము తుడిచి, ఇంకు డబ్బాలో ముంచి, మామ్మ పేరు పక్కన ఒత్తాను. చాలా బాగా కుదిరింది. నా తెలివికి నేనే మురిసిపోయాను. ఇంటికెళ్ళి చింతపండు, బూడిద కలిపి చేతులు ఎర్రబడేదాకా తోముకున్నాను.

మర్నాడు జమాబందీ. పొద్దున్నే కాగితాలు తీసుకెళ్ళి బడి అరుగు మీద టీచరు గారికిచ్చాను. ఒక్కో పేజీ తిప్పి చూశారు. అందరూ వేశారే అని కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకున్నారు. సంతోషం కలిగినా బాధ కలిగినా ఆవిడ చేసేది ఆ పనే. అద్దాలు పెట్టుకుని నా వైపు చూశారు. నేను ఒంటికాలి మీద నిలబడి రెండో కాలితో పిక్క గోక్కుంటున్నాను. ఆవిడ చూపు కిందికి దిగి నా కాలి బొటనవేలి మీద ఆగింది. చేతులు తోముకున్నాను గానీ కాలి సంగతి మర్చిపోయాను. వేలు నేరేడు పండులా ఊదాగా నిగనిగలాడుతోంది.

తిడతారనుకున్నాను. తిట్టలేదు. సంచిలోంచి చిన్న కాగితం తీసి గబగబా ఏదో రాశారు. నా ఇంకు డబ్బాలో తన బొటనవేలు అద్ది ఆ రాత కింద ముద్ర వేసి, నా చేతికిచ్చి పైకి చదవమన్నారు. అందులో ఇలా ఉంది: నేను ఇకమీదట బడికి రాను, అయిదో తరగతి చదవను, ఈ మాట నా ఇష్టపూర్వకంగా చెబుతున్నాను. కింద నా పేరు. పేరు పక్కన ఆవిడ వేలిముద్ర. సగం చదివి ఆపేశాను. నేను అలా చెప్పలేదండీ అని ఏడ్చాను. "నువ్వు ఆ సమయానికి ఇక్కడ లేవమ్మా. నీ బదులు నేను వేశాను" అన్నారు. ఆవిడ గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది.

తర్వాత ఎవరెవరివి నేను వేశానో ఒక్కో పేరూ అడిగి తెలుసుకున్నారు. కొల్లేట్లో ఉన్నవాళ్ళని ఇప్పటికిప్పుడు పట్టుకోలేం, వాళ్ళ కోసం ఆఫీసరు గారిని ఒకట్రెండు రోజులు గడువడుగుతాను, రేవులో ఉన్న మనిషిని అడగొచ్చు కదా, పద అన్నారు. ఎలాగూ బస్సెక్కాలంటే కాలువ దాటాల్సిందే. అక్కా, వాళ్ళ నాన్నా, ఇంకో ఇద్దరు పెద్దవాళ్ళూ అప్పటికే దాటేసి అవతలి గట్టున బస్సు కోసం నిలబడి ఉన్నారు. హైస్కూలుకి పోవలసిన పిల్ల ఎవరో ఆఫీసరు గారికి చూపించాలని టీచరు గారే అక్కని రమ్మన్నారు. నూనె రాసి దువ్విన జడతో, ఉతికిన పరికిణీతో అది ఆ గట్టున నిలబడి చెయ్యి ఊపడం నాకిప్పటికీ కనిపిస్తుంది.

దోనె కాలువ మధ్యకి వచ్చాక టీచరు గారు నన్ను అర్జీ చదవమన్నారు. మామ్మ గెడ వేస్తూనే వింది. అయిపోయాక ఆవిడ గెడని బురదలో దిగేసి దోనె ఆపేసింది. కాగితం మీద తన పేరెక్కడో చూపించమంది. చూపించాను. పక్కన ఉన్న ముద్ర కేసి చాలాసేపు చూసింది.

"నా ఏలు నా చేతికే ఉంది గదే. ఇక్కడికెట్టా వచ్చింది?"

చెప్పాను. చేతి వేలు కాదు, నా కాలి వేలని కూడా చెప్పాను. మామ్మ నవ్వలేదు. గెడ ఎత్తి కొడుతుందని తల వంచుకున్నాను, కొట్టనూ లేదు. టీచరు గారి కేసి తిరిగింది. "వద్దంటాను టీచరమ్మా. మా ఆయన పోయాక ఈ గెడే నన్ను నిలబెట్టింది. అందరూ నడిచి దాటితే నా చేటలో గింజలెవరేస్తారు? నన్నొక్క మాట అడిగారా? ఊరంతా అని రాసుకున్నారు. నేను ఊళ్ళో లేనా?"

ముప్పై ఒక్క గడపల్లో వంతెన వద్దనగలిగే మనిషి ఒక్కర్తే ఉంది. నేను ఎగ్గొట్టింది సరిగ్గా ఆవిడ్నే. పదేళ్ళ పిల్లనైనా ఆ సంగతి నాకు అక్కడే, ఆ దోనెలోనే అర్థమైంది.

అవతలి గట్టు ఎక్కాక టీచరు గారు పెద్దవాళ్ళకి రెండు మాటల్లో చెప్పారు. ఏడు గడపల వాళ్ళని సరిగ్గా అడగలేదు, వాళ్ళలో మామ్మ ఒప్పుకోవడం లేదు, ఈ కాగితం ఇలా ఇవ్వడానికి లేదు అన్నారు. అక్క వాళ్ళ నాన్న మొహం మాడిపోయింది. మరి ఈ ముద్రలేంటండీ అన్నాడు. టీచరు గారు నా వైపు చూడను కూడా చూడలేదు. "అది నా పొరపాటండీ. నేను చూసుకోవాల్సింది, చూసుకోలేదు" అన్నారు.

అప్పుడే దుమ్ము రేపుకుంటూ బస్సొచ్చింది. అది పోతే మళ్ళీ మధ్యాహ్నం దాకా లేదు, ఆలోగా ఆఫీసరు గారు వెళ్ళిపోతారు. ఒక్క ముసల్దాని కోసం పిల్లల నోట్లో మట్టి కొడతారా టీచరు గారూ అని అక్క వాళ్ళ నాన్న అరిచాడు. మిగతా ఇద్దరూ కాగితం ఇవ్వండి, మేమే తీసుకెళ్తాం అన్నారు. ఆవిడ సంచిని గుండెకి హత్తుకుని నిలబడ్డారు. కండక్టరు రెండుసార్లు కేకేశాడు. నేను నోరు విప్పితే తప్పు ఎవరిదో అందరికీ తెలిసిపోయేది. అక్క నా పక్కనే ఉంది, నా చెయ్యి పట్టుకుని ఉంది. నేను నోరు విప్పలేదు. బస్సు వెళ్ళిపోయింది. అక్క నా చెయ్యి వదిలేసి, బస్సు మలుపు తిరిగేదాకా రోడ్డు కేసి చూస్తూ ఉండిపోయింది.

కొల్లేట్లోంచి వచ్చిన ఆరిళ్ళవాళ్ళూ అడగ్గానే సరేనన్నారు. మామ్మతో మాత్రం టీచరు గారికి చాలా రోజులు పట్టింది. సాయంత్రాలు రేవులో కూర్చుని మాట్లాడేవారు. చివరికి మామ్మే ఒక దారి చెప్పింది. కాలిబాట వంతెన మీద మనుషులు నడుస్తారు గానీ గేదెలూ, గడ్డిమోపులూ, చేపల గంపలూ దాటవు. వాటికి రేవు ఉంచాలని, రేవు తనకే ఉండాలని రాస్తే ఒప్పుకుంటానంది. అలాగే రాశారు. మరుసటి ఏడు జమాబందీలో అర్జీ ఇచ్చారు, ఆ వానల్లోపే వంతెన పడింది. అసలు మామ్మ చెప్పిన ఆ దారి ముందు రోజే తేలి ఉంటే, నేను ఆ సాయంత్రం దిబ్బ వెనక్కి కాకుండా రేవులోకి వెళ్ళి ఉంటే, మొదటి ఏడే పడేదేమో. ఈ లెక్క నేను కొన్ని వేల సార్లు వేసుకున్నాను.

అక్క చదువు ఆగిపోవడానికి ఆ ఏడాది సరిపోయింది. వాళ్ళమ్మకి ఒంట్లో బాగోలేక ఇంటి పని నెత్తిన పడింది, ఆనక చంటి తమ్ముడు పుట్టాడు, వంతెన పడేనాటికి తనకంటే చిన్నపిల్లలతో కూర్చోనని మొండికేసింది. టీచరు గారు ఇంటికొచ్చి చదువు చెబుతానని ఎన్నిసార్లు వెళ్ళినా తలుపేసుకునేది. ఆవిడే నా చదువు పోగొట్టింది అని ఊరంతా వినేలా అనేది. నేను పుస్తకాల సంచి తగిలించుకుని వంతెన మీద హైస్కూలుకి పోతుంటే, కింద గట్టున అక్క చేపలు ఆరబెడుతూ కనిపించేది. నేను వంతెన ఈ చివర్నించి ఆ చివరికి ఒకటే పరుగు. కుదురులేని పిల్ల కదా అనుకునేవారు అందరూ. రేవు మామ్మ మాత్రం నన్ను చూసినప్పుడల్లా "ఏమే కాలివేలూ" అని పిలిచేది. ఆ పిలుపెందుకో ఎవరికీ అర్థం కాలేదు. ఎవరెంత అడిగినా ఆవిడ చెప్పలేదు.

చదువుకుని తాలూకా కచేరీలోనే ఉద్యోగంలో చేరాను. అర్జీలు తీసుకునే సీటు నేనే అడిగి వేయించుకున్నాను. అక్కడ కూర్చున్నాక టీచరు గారి పని ఏమిటో నాకు సరిగ్గా తెలిసింది. మంచినీళ్ళ కుళాయి కోసం, ఒంటరి ఆడవాళ్ళ పింఛన్ల కోసం, పల్లెకి నర్సమ్మ రావాలని, చేపల చెరువుల పేరుతో దారి మూసేస్తే దాన్ని తెరిపించాలని, రిటైరయ్యాక కూడా ఆ నల్ల గొడుగుతో వస్తూనే ఉండేవారు. ఆవిడ తెచ్చే ప్రతి అర్జీ చివర ఒక గీత, గీత కింద ఒక వరుస ఉండేది. దాని పేరు ‘కాదన్నవారు’. ఎవరు కాదన్నారో, ఎందుకన్నారో వాళ్ళ మాటల్లోనే రాసేవారు. మా ఆఫీసులో అందరూ ఆటపట్టించేవారు, మీ అర్జీలో మీరే అడ్డుపుల్ల పెట్టుకొస్తారేంటండీ టీచరు గారూ అని. "ఆ మాట మీరు ఇంకెక్కడో వినడం కంటే నా కాగితంలోనే వినండి" అనేవారు. పనులు ఆలస్యమయ్యేవి. కానీ ఆవిడ చేయించిన పని మీద తర్వాత తగాదా వచ్చిందని నేనెప్పుడూ వినలేదు.

ఒకసారి సీట్లోంచి లేచి ఆవిడతో బస్టాండు దాకా నడిచాను. ధైర్యం చేసి, ఆ రోజు నా పేరెందుకు చెప్పలేదండీ అని అడిగాను. "పదేళ్ళ పిల్లకి అది మోయలేని బరువమ్మా. నేను మోయగలను. నువ్వు పెద్దయ్యాక నీ అంతట నువ్వే వచ్చి తీసుకుంటావనుకున్నాను" అన్నారు. అప్పటికి నాకు ముప్పై ఏళ్ళు. తలకొట్టేసినట్టయింది. బస్సు వస్తోందండీ అని మాట మార్చేశాను. ఆవిడ మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు. అదే నాకు ఇప్పటికీ కష్టంగా ఉంది, ఇంకొక్కసారి అడిగి ఉంటే తీసుకునేదాన్నేమో.

టీచరు గారి సంస్మరణ సభకి పాత విద్యార్థులంతా కలుద్దామనుకున్నారు. పూనుకున్నవాడు మాకంటే పదేళ్ళు చిన్నవాడు, ఆటోనగర్లో స్పేర్ పార్టుల షాపు ఉంది, టీచరు గారంటే ప్రాణం. ఆ తాటి దూలాల వంతెన పోయి ఇప్పుడక్కడ సిమెంటు వంతెన ఉంది. దానికి టీచరు గారి పేరు పెట్టాలని పాత విద్యార్థులందరి తరఫునా అర్జీ తయారుచేశాడు. ఎమ్మెల్యే గారు సభకి వస్తున్నారు, ఆయన చేతికే ఇవ్వాలి. సంతకాల బాధ్యత అంతా నేను చూసుకుంటానని వాడికి మాట కూడా ఇచ్చాను. సభకి నాలుగు రోజులుందనగా వాడే పేర్ల జాబితా వాట్సాప్‌లో పంపాడు, అందరూ ఒప్పుకున్నట్టు ఎదురుగా టిక్కు పెట్టి ఉంది. పైనుంచి చూసుకుంటూ వస్తే పదకొండో పేరు మా పక్కింటి అక్కది.

వెంటనే ఫోన్ చేశాను. అక్కని అడిగావా అంటే, "అడిగేదేముందండీ! ఆవిడ కూడా మన బళ్ళో చదివిందేగా. టీచరు గారి పేరంటే కాదనేదెవరండీ?" అన్నాడు. పచ్చి వెలక్కాయ గొంతులో పడ్డట్టయింది. మూడు రోజులు ఇల్లంతా తిరిగాను. శనివారం పొద్దున్న కాగితాలు సంచిలో పెట్టుకుని ఇబ్రహీంపట్నం బస్సెక్కాను.

అక్క కొడుకు అక్కడ థర్మల్ స్టేషన్లో పని చేస్తాడు, అక్క వాడి దగ్గరే ఉంటుంది. పండక్కీ పబ్బానికీ ఒకరింటికొకరం వెళ్తాం, కలిసి తింటాం, మోకాళ్ళ నొప్పులు చెప్పుకుంటాం. టీచరు గారి మాట మాత్రం ఇద్దరం ఎత్తం. వెళ్ళేసరికి వరండాలో పీట మీద కూర్చుని ఎండు రొయ్యలకి తలలు తుంచుతోంది. అర్జీ మొత్తం పైకి చదివాను. ఒక్క మాట వదల్లేదు. నువ్వేమంటావక్కా అని అడిగాను.

"ఆ వంతెన నా దగ్గరికి ఏడాది లేటుగా వచ్చింది. దానికి ఆవిడ పేరెడతారా?" అంది.

అప్పుడు చెప్పాను. దిబ్బ వెనక కూర్చోవడం, ఆరు వేళ్ళు, కాలి బొటనవేలు, బస్సు దగ్గర దాని చేతిలో నా చెయ్యి. అన్నీ చెప్పాను. చెబుతున్నంతసేపూ లేచి పారిపోవాలనిపించింది. పీట అంచు పట్టుకుని కూర్చున్నాను. అక్క చేతులు రొయ్యల మీదే ఆగిపోయాయి.

"అందుకా మామ్మ నిన్ను కాలివేలూ అనేది" అంది. నవ్వుతుందేమోనని ఆశపడ్డాను. నవ్వలేదు. "ఆ టీచరమ్మ ఎన్నిసార్లు మా ఇంటికొచ్చిందో తెలుసా నీకు? మొహాన తలుపేశాను. బజార్లో నలుగురిలో తిట్టాను. ఒక్కసారన్నా నీ పేరు చెప్పలేదు. నువ్వేమో అరవై ఏళ్ళు నా పక్కన కూర్చుని అన్నం తిన్నావు." చేతిలో రొయ్య కింద పెట్టి, "ఇన్నాళ్ళూ ఆవిడ మీదున్న కోపం ఇప్పుడెక్కడ పెట్టుకోను నేను?" అంది. ఏడుపొచ్చింది, ఏడ్చాను. అది ఏడవలేదు.

కాగితం ముందుకి జరిపాను. సరేనంటే పైన రాస్తాను, కాదంటే గీత కింద నీ మాటల్లోనే రాస్తాను, ఏదైనా నీ ఇష్టమక్కా అన్నాను. అది కాగితం కేసి చూసి పక్కకి నెట్టింది. రేపు కాదు, ఆ పై ఆదివారం రా, అప్పుడు చెప్తాను అంది. సభ రేపే అక్కా, ఎమ్మెల్యే గారు రేపే వస్తున్నారు అన్నాను. అలవాటు ఎక్కడికి పోతుంది, ఆ మాట కూడా తొందర తొందరగానే అన్నాను.

"అయితే ఈ బస్సు కూడా పోనీ" అంది అక్క.

పోనిచ్చాను. సభలో ఎమ్మెల్యే గారికి దండ వేశాం, శాలువా కప్పాం, అర్జీ మాత్రం ఇవ్వలేదు. మైకు నాకిచ్చినప్పుడు నా కాలి బొటనవేలి కథ చెప్పాను. ముందు అందరూ నవ్వారు. బస్సు దగ్గరికి వచ్చేసరికి నవ్వులు ఆగిపోయాయి. ఆ తప్పు టీచరు గారిది కాదు, నాది అని అందరి ముందూ చెప్పి కూర్చున్నాను. ఆటోనగర్ తమ్ముడికి ఇంకా కోపం తగ్గలేదు, ఫోన్ చేస్తే పొడిపొడిగా మాట్లాడుతున్నాడు. మంచి అవకాశం పోగొట్టారండీ అన్నాడు. నిజమే కావచ్చు.

ఎల్లుండే ఆదివారం. పొద్దున్నించీ బాల్కనీకీ వంటింటికీ మధ్య ఎన్నిసార్లు తిరిగానో లెక్కలేదు. రెండుసార్లు ఫోన్ చేతిలోకి తీసుకుని, అక్క నంబరు దాకా వెళ్ళి, మళ్ళీ కింద పెట్టేశాను. అడగడం టీచరు గారు నాకు ఆ దోనెలో నేర్పారు, ముప్పై ఏళ్ళు ఆ సీట్లో కూర్చుని అదే చేశాను. అడిగాక ఆగమని కూడా చెప్పారు. అది నేర్చుకోవడానికి నాకు అరవై ఏళ్ళు పట్టింది, ఇంకా సరిగ్గా రాలేదు. అర్జీలో పదకొండో పేరు కొట్టేశాను. అడుగున గీత గీసి, దాని కింద చోటు వదిలాను. అక్క ఏం చెబుతుందో నాకు తెలియదు. చెప్పేదాకా ఆ వరండాలో, ఆ పీట పక్కన కూర్చుంటాను.